ఫోను తెర మీద యుద్ధం

కత్తి దూసే ముందు ఫోను లాక్ తీసే వీరుణ్ణి నేను మొదటిసారి మా ఇంట్లోనే, మా భోజనాల బల్ల దగ్గరే చూశాను. లాక్ తీశాడు. వేలితో పైకీ కిందికీ తోశాడు. "ఒక్క నిమిషం మేడమ్, లోడవుతోంది" అన్నాడు. అవతల ఇసుక తిన్నె మీద నలుగురు దోపిడీ దొంగలు బల్లేలు ఎత్తి నిలబడి ఉన్నారు. వాళ్లు పాపం మర్యాదగా ఆగారు, లోడయ్యేదాకా.

ఇది ఏం ఆట అన్నది ముందు చెప్పాలి. బల్ల చుట్టూ కూర్చుని ఆడతాం. ఒకరు కథ నడుపుతారు. మా ఇంట్లో ఆ పని నాది. మిగిలినవాళ్లు తలా ఒక పాత్రను పుట్టించుకుని ఆ కథలో తిరుగుతారు. పాత్రకు బలం ఎంత, ఒంటి మీద ఏ కవచం ఉంది, ఏ ఆయుధం ఎంత గాయం చేస్తుంది, ఇంకా ఎన్ని ప్రాణాలు మిగిలాయి, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుంటారు. దాన్ని షీటు అంటాం. యుద్ధం వస్తే ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పడిన అంకెకు తమ బలం కలుపుతారు. ఆ మొత్తం ఎదుటివాడి కవచం అంకెను అందుకుంటే దెబ్బ తగిలినట్టు, అందుకోకపోతే గాలిలో పోయినట్టు. తగిలితే వాడి ప్రాణాల్లోంచి అంత తీసేస్తారు. కూడిక, తీసివేత. మూడో తరగతి పిల్లలు చేసే లెక్క. ఇది చేసుకోలేక ఫోనులో షీటు పెట్టుకుంటారని, ఆ షీటే పాచిక వేసి, కూడి, తీసేసి, చివరికి ఎర్ర అక్షరాల్లో ఫలితం చెబుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. తెలిశాక గౌరవం కలగలేదు.

నేను ఇంటర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. వన్ టౌన్‌లో కింద ప్లాస్టిక్ సామాన్ల గోడౌను, పైన మా ఇల్లు. ఈ ఆట యూనివర్సిటీ హాస్టల్లో నేర్చుకున్నాను. పెళ్లయ్యాక పదిహేనేళ్లు మరిచిపోయి, మళ్లీ మొదలుపెట్టాను. ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలయ్యాక మా ఆయన నిద్రకు ఉపక్రమిస్తారు. రెండింటికి నేను బల్ల తుడిచి పాచికల డబ్బా తీస్తాను. వీధిలో ఆదివారం కూడా తోపుడు బళ్ల గొడవ ఆగదు కాబట్టి కిటికీ ఒక రెక్క మూసి ఉంచుతాను.

ఆడేవాళ్లు ముగ్గురు. మొదటివారు మాస్టారు. మా కాలేజీలోనే ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరై, సొంతూరు చల్లపల్లి వెళ్లిపోయారు. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి, సంచిలో నీళ్ల సీసా, నోటుపుస్తకం పెట్టుకుని వస్తారు. ఆయన పాత్ర ఒక పడవవాడు, ఒకప్పటి సైనికుడు, చేతిలో పొడవాటి ఈటె. రెండో మనిషి ఒక నర్సు, ఆపరేషన్ థియేటర్లో పని. అందరం సిస్టర్ అంటాం. మొదట్లో ఆమెను వైద్యురాలి పాత్ర తీసుకోమన్నాను. "ఆదివారం కూడా నేనే కట్లు కట్టాలా అక్కా?" అని కసాయి పని చేసే ఆడమనిషిని తీసుకుని చేతికి గండ్రగొడ్డలి ఇచ్చింది. మూడోవాడే ఫోను వీరుడు. మంగళగిరిలో ఇంట్లోంచే ఏదో కంపెనీకి సాఫ్ట్‌వేర్ పని చేసే ఇరవై ఏడేళ్ల కుర్రాడు. సిస్టర్‌కు దూరపు చుట్టం. కిందటి ఏడాది బైకు మీద వచ్చి చేరాడు. పాత్ర ఒక కోటకాపరి, గొలుసు కవచం, డాలు, కత్తి.

అతను మంచివాడే. మర్యాద తెలిసినవాడు. అదే నాకు ఇంకా చిరాకు. పొగరుబోతయితే ఒక మాట అని ఊరుకుందును. ఇతను నవ్వుతూ, వినయంగా, బల్ల మీద ఫోనును నిలబెట్టే చిన్న స్టాండు కూడా తెచ్చుకుని, నా ఆటను పాడుచేశాడు.

పాడుచేయడమంటే ఎలాగో చెబుతాను. పాచిక చేతిలో ఉన్నప్పుడు మనిషి దాన్ని ఆడిస్తాడు, ఊదుతాడు, ఎదుటివాళ్ల మొహాలు చూస్తాడు. అది దొర్లుతుంటే నలుగురి కళ్లూ దాని వెంట పోతాయి. ఫోనులో కత్తి బొమ్మ మీద వేలు పెడితే అది ఒక్కడికే కనిపిస్తుంది. పాచిక దొర్లే చప్పుడు కూడా ఎవరో రికార్డు చేసి అందులో పెట్టారు. గడగడమని కృత్రిమంగా మోగి, "ఇరవై మూడు" అని చూపిస్తుంది. అతను "ఇరవై మూడు మేడమ్" అని నాకు అప్పజెబుతాడు, ఆఫీసులో పైవాడికి రిపోర్టు ఇచ్చినట్టు. పడింది ఎంత, కలిపింది ఎంత, ఏమీ తెలియదు. "నీ పాత్ర ఏం చేశాడు?" అంటే, "అటాక్ చేశాడు మేడమ్" అంటాడు. తన మనిషి చేతిలో ఏమున్నదో చెప్పడానికి తెర వంక చూసేవాణ్ణి ఆటగాడని అనడానికి నాకు నోరు రాదు.

ఈ జబ్బు రెండు నెలల్లో సిస్టర్‌కూ అంటింది. ఒక ఆదివారం ఆమె కూడా ఫోను తీసి నా ముందు పెట్టింది. నేను ముఖం మాడ్చాను.

"అలా చూడకండి అక్కా. వారమంతా నా పని లెక్కపెట్టడమే. లోపలికి ఎన్ని గాజుగుడ్డలెళ్లాయి, ఎన్ని బయటికొచ్చాయి, ఎన్ని సూదులు. ఒక్కటి తప్పితే మనిషి ప్రాణం. ఆదివారం కూడా లెక్కపెట్టమంటే ఎలా?"

 వినలేదన్నట్టు నేను కథ మొదలుపెట్టాను.

ఇక మిగిలింది మాస్టారు ఒక్కరే. అట్టవేసిన రెండొందల పేజీల నోటుపుస్తకం, ఎడమ వైపు స్కేలుతో గీసిన మార్జిను, బ్లేడుతో చెక్కిన పెన్సిలు. దెబ్బ తగిలిన ప్రతిసారీ "ఎంతమ్మా?" అని అడిగి, అంకె వేసి, గీత గీసి, తీసివేసి, కింద రెండు గీతలు కొట్టేవారు. నాకు ఆయన్ను చూస్తే కడుపు నిండేది. ఫోనువాళ్ల వంక చూసి, తర్వాత ఆయన వంక చూసి, "మాస్టారి పుస్తకం చూడండి" అనడం నాకు అలవాటైపోయింది. కనీసం పదిసార్లు అని ఉంటాను. నిజానికి ఆ పుస్తకాన్ని నేనూ ఏనాడూ తెరిచి చూడలేదు. దూరం నుంచి మార్జిను చూసి మురిసిపోవడమే.

మొన్న వర్షాకాలంలో ఒక ఆదివారం కాలవ లాకు దగ్గర యుద్ధం పెట్టాను. మా కథ జరిగే దేశం పేరుకు వేరే, నేల మాత్రం ఇదే. కాలవలు, లాకులు, మడ అడవులు, ఉప్పుకయ్యలు. ముగ్గురూ లాకు తలుపుల మీది సన్నటి నడకదారిలో ఇరుక్కున్నారు. అటు నుంచి దొంగల నాయకుడు వస్తున్నాడు. ముందు నిలబడ్డది మన కోటకాపరి. నేను నా పాచిక బల్ల మీదే, అందరూ చూస్తుండగా వేశాను. మొత్తం పంతొమ్మిది.

"తగల్లేదు మేడమ్. నా కవచం ఇరవై" అన్నాడు కుర్రాడు, తెర చూసి.

నాలుగు నెలలుగా ఇదే మాట వింటున్నాను. ఎవరి దెబ్బా వీడికి తగలదు. మిగిలిన ఇద్దరూ గాయాలతో ఈడ్చుకుంటూ తిరుగుతుంటే, వీడు పెళ్లికొడుకులా నిగనిగలాడుతుంటాడు. నాకు ఆ రోజు ఎందుకో అనుమానం తగిలింది.

"ఇరవై ఎలా వచ్చింది?" అన్నాను.

"చూపిస్తోంది మేడమ్."

"చూపిస్తోంది సరే. ఎలా వచ్చింది?"

అతను తెర మీద అటూ ఇటూ వెతికాడు. "గొలుసు కవచానికి పదహారండీ. డాలుకి రెండు."

"అంటే?"

"పద్దెనిమిది." గొంతు తగ్గింది. "మిగతా రెండూ ఎక్కడివో... ఒక్క నిమిషం మేడమ్." ఇంకాసేపు వెతికి చెప్పాడు. నాలుగు నెలల కిందట షీటు సర్దుకుంటూ ఆయుధాల జాబితాలో డాలు ఒకసారి పెట్టాడట. అది కనపడక, ఇంకోచోట మరోసారి పెట్టాడట. కోటకాపరి నాలుగు నెలలుగా రెండు డాళ్లు మోసుకుంటూ తిరుగుతున్నాడు. కత్తి ఏ చేత్తో పట్టుకున్నాడో ఆ యాప్‌కే తెలియాలి.

అక్కడితో ఆపితే సరిపోయేది. పద్దెనిమిది అని దిద్దుకుని, దెబ్బ రాసుకుని, ముందుకు పోయేవాళ్లం. నేను ఆపలేదు. పాచికలు పక్కకు జరిపి, తెల్లకాగితం అతని ముందు పెట్టి, పెన్ను ఇచ్చాను. "ఇప్పుడు నీ మనిషి లెక్కలన్నీ పైకి చదువుతూ వెయ్యి. బలానికి ఎంత? కత్తికి ఎంత? ఎందుకంత?" ఫస్టియర్ పిల్లలను నల్లబల్ల దగ్గర నిలబెట్టినట్టు నిలబెట్టాను. అతను తడబడిన ప్రతిసారీ నేను నవ్వాను. "కంపెనీలో కూడా ఇంతేనా? అది చూపిస్తోంది, మేం నొక్కుతున్నాం, అంతేనా?" అన్నాను. అతని చెవులు ఎర్రబడ్డాయి. తలొంచుకుని రాస్తున్నాడు. నాకు ఆ నిమిషంలో చాలా సంతోషంగా ఉంది. దాచుకోవడం దేనికి.

సిస్టర్ కాసేపు చూసి, "అయితే అందరివీ చూద్దాం అక్కా. వీడిదొక్కటే ఎందుకు? ముందు నాది చూడండి" అని ఫోను నా వైపు తోసింది. చూశాను. తప్పుల్లేవు. నేను గర్వంగా మాస్టారి వైపు చెయ్యి చాపాను. "మాస్టారూ, మీ పుస్తకం ఇవ్వండి. షీటంటే ఎలా ఉండాలో వీళ్లకు చూపిస్తాను."

ఆయన వెంటనే ఇవ్వలేదు. "ఇప్పుడెందుకులేమ్మా. ఆట కానివ్వండి" అన్నారు. నేను అది వినయమనుకున్నాను. లేచి నేనే తీసుకున్నాను.

రెండు వారాల కిందటి ఇటుకబట్టీ యుద్ధం పేజీ తీశాను. పడవవాడి ప్రాణాలు నలభై ఆరు. కింద మూడు దెబ్బలు: పద్నాలుగు, తొమ్మిది, పదహారు. మొత్తం ముప్ఫై తొమ్మిది. మిగిలినవి ఏడు. కింద రెండు గీతలు. నేను పైకి చదివాను. చదువుతూనే నా పుస్తకం తిప్పాను, ఎందుకంటే ఎవరికి ఎంత దెబ్బ తగిలిందో నేనూ రాసుకుంటాను. నా పుస్తకంలో పద్నాలుగు, పంతొమ్మిది, పదహారు.

"తొమ్మిది కాదే, పంతొమ్మిది" అన్నాను, ఇంకా ఏమీ అర్థం కాకుండానే. పేజీని కిటికీ వైపు వాల్చి చూశాను. ఆకుల ఈనెలు చూసి చూసి నాకది అలవాటు. తొమ్మిదికి ముందు కాగితం కొంచెం పలచబడి, నూగు లేచి ఉంది. పెన్సిలు నొక్కిన గీత అడుగున అలాగే ఉంది. ఒకటి. ఎవరో రబ్బరుతో దాన్ని తుడిచేశారు. వెనక పేజీ తిప్పాను. అక్కడ పదిహేడు ఏడయింది. అంతకుముందు పన్నెండు రెండయింది. ఆ రెండుసార్లూ అసలు అంకె వేసినా కొనప్రాణం మిగిలేదే.

పోవాల్సినవి నలభై తొమ్మిది, ఉన్నవి నలభై ఆరు ప్రాణాలు. ఆట నియమాల పుస్తకంలో అలా పడిపోయినవాడు లేవడానికి ఒకటి రెండు అవకాశాలు ఇస్తారు. నా బల్ల దగ్గర అవి లేవు. సున్నా అంటే పోయినట్టే అని నియమం పెట్టింది నేనే. ఆ లెక్కన పడవవాడు ఇటుకబట్టీ దగ్గరే పోయాడు. రెండు వారాలుగా మాతో తిరుగుతున్నది ఎవరో.

 ముందుగా మాట్లాడింది, నేను అరగంటగా చీల్చి చెండాడుతున్న ఆ కుర్రాడే.

"పెన్సిలు కదా మేడమ్. సంచిలో రాపిడికి చెరిగిపోయుంటుంది" అన్నాడు.

మాస్టారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "లేదు బాబూ. రబ్బరు పెట్టి నేనే చెరిపాను."

"ఎందుకు మాస్టారూ?" అన్నాను. గొంతులో ఇంకా క్లాసురూము ఉంది.

"వీడు నాకు బాగా కుదిరాడమ్మా. పోతే మళ్లీ ఇంకొకణ్ణి పుట్టించి, వాడికి మాటా నడకా నేర్పుకుని... నాకంత ఓపిక లేదనిపించింది. మొదటిసారి చెరిపినప్పుడు వచ్చేవారం చెప్పేద్దామనుకున్నా. ఆ వచ్చేవారం మీరు నా పుస్తకం చూడమని అందరికీ చెప్పారు. ఇంకేం చెప్తాను?"

ముప్ఫై ఏళ్లు కాపీలు పట్టుకున్న మనిషి. కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని, నా చేతిలోంచి పుస్తకం తీసుకుని, సంచిలో వేసుకుని, నాలుగింటి బస్సుకు వెళతానని లేచారు. నేను కూర్చోమనలేదు.  కుర్రాడు తాళాలు తీసుకుని, "బస్టాండు దాకా దింపుతాను రండి మాస్టారూ" అని ఆయన వెంట మెట్లు దిగాడు.

సిస్టర్ ఉండిపోయి టీ కప్పులు కడిగింది. కడుగుతూ, నా వంక చూడకుండా అంది: "అక్కా, మీకు ఆట కన్నా పరీక్ష పెట్టడం ఇష్టం."

"తప్పులు దిద్దకపోతే అది ఆటెలా అవుతుంది?"

"దిద్దారా? ఇద్దర్ని ఇంట్లోంచి పంపేశారు."

ఆమె మీద కోపం వచ్చింది. సాయంత్రానికి అది నా మీదికి మళ్లింది. ఫోనువాడు తెలియక తప్పు చేశాడు, అడిగిన వెంటనే ఒప్పుకున్నాడు. పెన్సిలు ఆయన తెలిసి చేశారు, చేసేలా వెనక నిలబడి పొగిడింది నేను. కాగితం నిజం చెబుతుందని నా నమ్మకం. నా పుస్తకంలో పంతొమ్మిది ఉండగానే, ఆయన ఏడు మిగిలాయంటే తలాడించాను. కుర్రాణ్ణి అడిగిన ప్రశ్న ఆయన్ను అడగలేదు. లెక్కలు చూడనివాళ్లని ఏడాదిపాటు ఈసడించిన మనిషి చేసిన నిర్వాకమిది.

తర్వాతి ఆదివారం ఎవరూ రాలేదు. సిస్టర్‌కు డ్యూటీ పడింది. కుర్రాడు మెసేజీ పెట్టాడు, పనుందని. చల్లపల్లికి ఫోన్ చేస్తే మాస్టారు తీయలేదు. ఆ రోజు మధ్యాహ్నం నేను ఖాళీ బల్ల ముందు కూర్చుని ప్రాక్టికల్ రికార్డులు దిద్దాను. ఆ పైవారం మా ఆయన నిద్రకు పోబోతూ, "మీవాళ్లు రారా ఇక?" అని అడిగారు. నాకు తెలియదన్నాను.

మూడో ఆదివారం సిస్టర్ ముందే వచ్చి కూర్చుంది. కాసేపటికి మెట్ల మీద రెండు గొంతులు వినిపించాయి. కుర్రాడు, వెనకాల మాస్టారు. మాస్టారి చేతిలో నోటుపుస్తకం లేదు. ఆయన సంచిలోంచి ఫోను తీసి, బల్ల మీద నా ముందు జాగ్రత్తగా పెట్టారు, మొదటిసారి హోంవర్కు తెచ్చినట్టు.

"ఈ బాబు రెండాదివారాలూ మా ఊరొచ్చి నేర్పాడమ్మా. పడవవాడి దెబ్బలన్నీ మొదట్నుంచీ ఇందులో ఎక్కించాం, ఉన్నవి ఉన్నట్టు. ఇటుకబట్టీ దగ్గరే పోయాడు. అదే ఖాయం చెయ్యండి."

నేను కుర్రాడి వంక చూశాను. మంగళగిరి నుంచి చల్లపల్లి దాకా బైకు మీద వెళ్లాడన్నమాట. అదే అతనికి పడిన పని.

"కాగితం మీద కొత్తవాణ్ణి రాసుకోవచ్చుగా మాస్టారూ" అన్నాను.

"దీంట్లో ఎప్పుడేం మార్చినా చిట్టా పడిపోతుందట. మీరెప్పుడడిగినా చూపించొచ్చు." కొంచెం నవ్వారు. "నాకిదే మంచిదమ్మా."

పడవవాడి కోసం కథలో వెనక్కు వెళ్లాం. లాకు దగ్గర పోరు అలాగే ఉంచి, ఇటుకబట్టీ దగ్గర అతని శవాన్ని సిస్టర్ పాత్ర భుజాన వేసుకుని కాలవ గట్టుకు తెచ్చింది. కోటకాపరి తన రెండో డాలు తీసి అతని కింద వేశాడు. అది కుర్రాడికి తోచిన ఆలోచన. సిస్టర్ పకపకా నవ్వి, తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుంది. మాస్టారు కొత్త పాత్రను ఫోనులోనే పుట్టించారు. పద్దెనిమిదేళ్ల పిల్ల, తాళాలు తీసే దొంగ. ఆయనకు అసలు కుదరదనుకున్నాను. పిల్ల గొంతుతో మొదటి మాట మాట్లాడేసరికి ముగ్గురం ఆయన వంక తిరిగాం.

అయిదింటికి వెళుతుంటే కుర్రాణ్ణి మెట్ల దగ్గర ఆపాను. "ఆ రోజు నేను నీతో అన్నవి అనకూడనివి" అన్నాను.

"పర్లేదు మేడమ్. డాలు ఒకటి తీసేశాను. ఇప్పుడు పద్దెనిమిదే." అంతే. ఇంకో మాట లేకుండా హెల్మెట్ పెట్టుకున్నాడు. అతని స్థానంలో నేనుంటే అంత తేలిగ్గా వదలను.

ఇప్పుడు నా బల్ల మీద మూడు ఫోన్లు, మూడు స్టాండ్లు. ఆ యాప్ మీద నా అభిప్రాయం మాత్రం వెంట్రుకవాసి కూడా మారలేదు. అది ఆటను ఆఫీసు చేసింది. మాస్టారు యుద్ధం మధ్యలో "ఏది నొక్కాలి బాబూ?" అంటారు, ఈలోగా శత్రువు టీ తాగి రావచ్చు. ఒకసారి బాణం బదులు మందుసీసా నొక్కి, ఒంటి మీద గీటు కూడా లేని దొంగపిల్ల చేత గాయాల మందు తాగించారు. వేలు జారి చరిత్ర మారిపోయే యుద్ధాన్ని యుద్ధమని పిలవడం నాకు ఈ జన్మకు చేతకాదు.

అందుకని ఒక్క నియమం పెట్టాను. నొక్కి మొత్తం ఒక్కటీ చెబితే చాలదు, లెక్క పైకి చెప్పాలి. పడింది ఎంత, కలిపేది ఎంత, ఎందుకు. నాతో సహా అందరూ. కుర్రాడు సగంసార్లు గొణుగుతాడు. సిస్టర్ గాజుగుడ్డలు లెక్కపెట్టిన గొంతుతో గబగబా అప్పజెబుతుంది. పోయిన ఆదివారం ఉప్పుకయ్యల్లో నేను ఒక దెబ్బకు పన్నెండు, ఏడు కలిపి పద్దెనిమిది అన్నాను.

"పంతొమ్మిదమ్మా" అన్నారు మాస్టారు, తెర చూడకుండానే.

నేను నా పుస్తకంలో దిద్దుకున్నాను. ఆ దెబ్బ తగిలింది ఆయన దొంగపిల్లకే. ఆయన ఫోను మీద వేలు పెట్టి, ప్రాణాలు తగ్గించుకుని, ఇంకా ఇరవై మూడు ఉన్నాయని చెప్పి, తన వంతు కోసం కుర్చీ ముందుకు జరుపుకున్నారు.